నెలాఖరు టెన్షన్‌ను ఎలా తట్టుకోవాలి

జీతం పడిన రోజే సగం వెళ్లిపోతే, మిగతా నెలంతా ఫోన్ మోగినా గుండె దడే. నాకు పనికొచ్చినవి చెబుతాను.

ముందు భయాన్ని కాగితం మీద పెట్టండి. ఏ తేదీకి ఎంత కట్టాలి, ఆలస్యమైతే ఏమవుతుంది, అన్నీ. నేను గోడ క్యాలెండర్ మీదే పెన్సిల్‌తో రాస్తాను. అర్ధరాత్రి మెలకువ వచ్చి మనసు లెక్కలు మొదలుపెడితే "అది రాసే ఉంది" అనుకుని మళ్లీ పడుకోగలుగుతున్నాను. ఇది చాలా పెద్ద ఊరట.

బ్యాలెన్స్ పదేపదే చూడకండి. వారానికోసారి, పగటిపూట, తిన్నాక చూడండి.

కట్టలేని వాయిదా ఉంటే గడువుకు ముందే ఫోన్ చేసి, తేదీని జీతం తర్వాతకు మార్చమని అడగండి.

పెద్ద నిర్ణయాలు నెలాఖరులో వద్దు. 2013లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో, చెరకు రైతులు కోతకు ముందు చేతిలో డబ్బు లేనప్పటికంటే కోత తర్వాత ఆలోచనా పరీక్షల్లో మెరుగ్గా చేశారు. మనుషులు వాళ్లే! కాబట్టి "నాకు తెలివి లేదు" అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

ఇంట్లోవాళ్లకు "ఈ వారం కష్టంగా ఉంది" అని ముందే చెప్పండి. దాచిపెడితే ఆ బాధంతా పిల్లల మీద విసుగై బయటికొస్తుంది. నిద్ర, ఆకలి వారాల తరబడి లేకపోతే మాత్రం డాక్టర్‌ను కలవండి.