క్రోషా టాపు మొదలుపెట్టే ముందు శాంపిల్ ముక్క ఎలా అల్లాలి? ఎలా కొలవాలి?

పోయిన నెల మా వీధిలోని ఒక అమ్మాయి నీలం రంగు కాటన్ టాపు సంచీలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. రెండు నెలలు కూర్చుని అల్లింది. ఒక్కసారి ఉతికి వేసుకుంటే ఛాతీ దగ్గర పట్టేస్తోంది. "ఏం చేసేది అక్కా, ప్యాటర్న్‌లో ఉన్నట్టే అల్లాను గదా" అంది. ప్యాటర్న్ అంటే ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు ఎలా అల్లాలో రాసి ఉండే వివరం. టాపుకు ముందు కొలత చూసుకునే శాంపిల్ ముక్క అల్లావా అని అడిగాను. అల్లానంది. ఆ ముక్క కూడా సంచీలోనే ఉంది, నాలుగు వేళ్ల వెడల్పున, ఉతకకుండా. తప్పేదో చూడగానే తెలిసింది.

నెల్లూరులో ఇన్నేళ్లుగా చుట్టుపక్కల ఆడవాళ్లకు క్రోషా నేర్పుతున్నాను. శాంపిల్ అల్లకుండా పాడు చేసుకునేవాళ్ల కంటే, అల్లి కూడా సరిగా కొలవక పాడు చేసుకునేవాళ్లనే ఎక్కువ చూశాను. అందుకే అల్లడం గురించి గబగబా చెప్పేసి, కొలత దగ్గర ఆగుతాను.

శాంపిల్ అల్లేది గేజ్ తెలుసుకోవడానికే. గేజ్ అంటే 10 సెంటీమీటర్లలో మీ చేతికి ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు పడతాయన్న లెక్క. బ్రిటన్ ప్యాటర్న్‌లలో దీన్నే టెన్షన్ అంటారు. ఇంకో మాట, బ్రిటన్ వాళ్లు డబుల్ క్రోషా అనే కుట్టు అమెరికా వాళ్లకు సింగిల్ క్రోషా. ప్యాటర్న్ ఎక్కడిదో చూసుకోకుండా శాంపిల్ మొదలుపెడితే కుట్టే మారిపోతుంది. నేను ఇక్కడ రాసేదంతా అమెరికా పేర్లతోనే.

కావలసినవి

టాపుకు వాడబోయే దారమే, టాపుకు వాడబోయే సూదే (కొనకు కొక్కెం ఉండే క్రోషా సూది). పోయినసారి మిగిలిన ఉండ పనికిరాదు. అదే కంపెనీ దారమైనా రంగు మారితే ఒక్కోసారి మందం మారుతుంది. స్టీలు స్కేలు, వేరే రంగు దారం ముక్కలు రెండు ఉంచుకోండి. టైలర్ టేపు వద్దు. వాడగా వాడగా అది సాగుతుంది. సూది అల్యూమినియందే ఉండాలి. ప్లాస్టిక్ సూది మన ఎండాకాలం చెమటకు వేళ్లకు అతుక్కుంటుంది, దాంతో చెయ్యి బిగుస్తుంది.

అల్లడం

ప్యాటర్న్ 4 మిల్లీమీటర్ల సూదితో 10 సెంటీమీటర్లకు 16 డబుల్ క్రోషాలు అడిగిందనుకోండి. 16 కుట్ల ముక్క అల్లి కూర్చోకండి. అంచుల్లో కుట్లు ఎప్పుడూ వంకరగానే ఉంటాయి, అడుగున మొదలుపెట్టిన చెయిన్ (గొలుసు కుట్ల వరస) బిగుతుగా లాగుతుంది. వాటిని కొలతలోకి రానివ్వకూడదు. 30 చెయిన్లు వేసి నాలుగో చెయిన్‌లో మొదటి డబుల్ క్రోషా వేస్తే, వదిలేసిన మూడు చెయిన్లు ఒక కుట్టుగా లెక్కకొచ్చి వరసకు 28 కుట్లు వస్తాయి. అలా 14 వరసలు అల్లండి. ప్యాటర్న్ తిప్పకుండా గుండ్రంగా అల్లేదైతే శాంపిల్ కూడా గుండ్రంగానే అల్లాలి. వరస చివర తిప్పి అల్లిన ముక్కకూ తిప్పకుండా అల్లినదానికీ గేజ్ ఒకటిగా రాదు.

టీవీ చూస్తూ అల్లేవాళ్లు టీవీ చూస్తూనే అల్లండి. శాంపిల్ కదా అని బుద్ధిగా నిటారుగా కూర్చుని అల్లితే అది మీ చెయ్యి కాదు.

ఉతకడం, ఆరబెట్టడం, లెక్కపెట్టడం

ఇక్కడ తొందర పడకండి.

ఉండలో దారం లాగి చుట్టి ఉంటుంది. అల్లేటప్పుడు మన వేళ్లు దాన్ని ఇంకాస్త లాగుతాయి. ఆ బిగువంతా కుట్ల లోపలే ఉండిపోతుంది. నీళ్లు తగిలినప్పుడే దారం తన సహజ పొడవుకు వస్తుంది. కాటన్ అయితే అప్పుడే కుంచించుకుపోతుంది కూడా. అంటే సూది మీద నుంచి దింపిన ముక్కలో మీరు కొలిచేది మీ టాపు కొలత కాదు. మొదటి ఉతుకు దాకా మాత్రమే ఉండే కొలత.

టాపును రేపు ఎలా ఉతుకుతారో ముక్కను ఇవాళ అలాగే ఉతకండి. మిషన్‌లో వేసే ఉద్దేశం ఉంటే మిషన్‌లోనే. పిండేటప్పుడు మెలిపెట్టకండి, తువ్వాలులో చుట్టి అదమండి. నీడలో, చదునుగా, చాప మీద పరిచి ఆరబెట్టండి. పిన్నులు గుచ్చి లాగి ఆరబెట్టమని కొందరు చెబుతారు. మీరు టాపును కూడా ప్రతిసారీ అలా పిన్నులతో ఆరబెడతారా? పెట్టరు కాబట్టి ముక్కకూ పెట్టకండి. అక్రిలిక్ ఊలు మీద ఇస్త్రీ పెట్టె అసలు ఆనించవద్దు. ఒకసారి వేడికి మెత్తబడి వేలాడిందంటే మళ్లీ మామూలుగా కాదు.

పూర్తిగా ఆరాలి. అక్టోబరు, నవంబరులో వానలు పట్టుకుంటే మన నెల్లూరు, ఒంగోలు వైపు కాటన్ ముక్క ఆరడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. పైకి ఆరినట్టే కనిపిస్తుంది. ముక్కను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. మళ్లీ పరచండి.

ఆరిన ముక్కను గట్టి బల్ల మీద పెట్టండి. ఒళ్లో కాదు, పరుపు మీద కాదు. చేత్తో సాపు చేయకండి, ఆ ఒక్క నిమురుడుకే పక్కలకు సాగుతుంది. ఎత్తి, వదిలి, దానంతట అది పరుచుకోనివ్వండి.

చాలామంది స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లలో కుట్లు లెక్కపెడతారు. చివర సగం కుట్టు మిగులుతుంది, దాన్ని వదిలేస్తారు. ఆ సగం కుట్టు ఎంత పని చేస్తుందో చూడండి. 100 సెంటీమీటర్ల చుట్టుకొలత టాపుకు ప్యాటర్న్ 160 కుట్లు చెబుతుంది. మీ అసలు గేజ్ 16న్నర అయితే ఆ 160 కుట్లకు వచ్చేది 97 సెంటీమీటర్లే. 17 అయితే 94. వదిలేసిన అర కుట్టుకే మూడు సెంటీమీటర్లు పోయాయి.

అందుకే నేను లెక్కను తిరగేసి కొలుస్తాను, మీరూ అలాగే కొలవాలి. మధ్య వరసల్లో ఒకటి ఎంచుకోండి. అంచు నుంచి నాలుగు కుట్లు వదిలేయండి. ఐదో కుట్టు మొదట్లో ఒక రంగు దారం, అక్కడి నుంచి 20 కుట్లు పూర్తిగా లెక్కపెట్టి చివర ఇంకో దారం దూర్చండి. ఆ రెండింటి మధ్య ఎన్ని సెంటీమీటర్లో, మిల్లీమీటరుతో సహా చూడండి. 12.5 వస్తే గేజ్ 16. సుమారు 12.1 అయితే 16న్నర. 11.8 దగ్గరైతే 17. కుట్టును సగం చేయనక్కర్లేదు, స్కేలే ఆ లెక్క చూసుకుంటుంది. పైన, మధ్యలో, కింద మూడు వరసల్లో కొలిచి సగటు తీయండి. వరసలకూ ఇంతే, అడుగున రెండు, పైన రెండు వదిలి నిలువుగా ఎనిమిది వరసల ఎత్తు కొలవండి.

చతురస్రం కిటికీ ఉన్న గేజ్ అట్టలు అమ్ముతారు. రెండంగుళాల కిటికీలో లెక్కపెట్టి రెండుతో హెచ్చించాలట. అక్కడ అర కుట్టు పొరబడితే 10 సెంటీమీటర్లకు ఒక కుట్టు తప్పుతుంది, టాపులో ఆరు సెంటీమీటర్లు పోతాయి. ఆ నీలం టాపు అమ్మాయి కొలిచింది అలాంటి అట్టతోనే. ఆమె ముక్కను నీళ్లలో వేసి, మర్నాడు ఆరాక బల్ల మీద పెట్టి ఇద్దరం కొలిచాం. చిన్న ముక్క కాబట్టి పది కుట్లకే దారాలు గుచ్చాం. దగ్గర దగ్గర 5.9 సెంటీమీటర్లు. ఆమె 16 అనుకున్నది 17. 100 రావాల్సిన టాపు 94 ఎందుకైందో ఇక చెప్పక్కర్లేదు.

"నరసాపురం లేసు అల్లేవాళ్లు శాంపిల్ అల్లుతారా అక్కా?" అని అడుగుతుంటారు. గోదావరి జిల్లాల్లో ఆ క్రోషా లేసు పని తరాలుగా వస్తోంది, 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఏళ్ల తరబడి అదే సన్న కాటన్ దారం, అదే స్టీలు సూది, అదే డిజైను చేసిన చెయ్యి వాళ్లది. పైగా బల్ల మీద పరిచే గుడ్డ రెండు సెంటీమీటర్లు తగ్గినా నష్టం లేదు. మనం కొత్త దారంతో, ఒంటికి పట్టాల్సిన బట్ట అల్లుతున్నాం.

లెక్క కుదరకపోతే

10 సెంటీమీటర్లకు కుట్లు ఎక్కువ వచ్చాయంటే కుట్టు చిన్నది, అర మిల్లీమీటరు పెద్ద సూది తీసుకోండి. తక్కువ వస్తే చిన్న సూది. మళ్లీ ముక్క అల్లి, మళ్లీ ఉతకాలి. అదే సూదితో కాస్త వదులుగా అల్లుతాను అనుకోవద్దు, పది వరసల్లో చెయ్యి పాత అలవాటుకే వస్తుంది.

కుట్లు కుదిరి వరసలు కుదరకపోతే సూది మార్చకండి. డబుల్ క్రోషా ఎత్తు తేలేది సూదిని కుట్టులో దూర్చి మొదటి లూప్‌ను ఎంత పైకి లాగారన్న దాన్ని బట్టి. దాన్ని ఒక వెంట్రుకవాసి ఎక్కువ గానీ తక్కువ గానీ లాగి చూడండి. చాలామందికి అక్కడే సరిపోతుంది. లేకపోతే పొడవుకు రెండు వరసలు కలపండి, లేదా తీసేయండి.

సూదులు మార్చినా 17 దగ్గరే ఆగితే, బట్ట కూడా చేతికి మెత్తగా బాగుంటే, లెక్కే మార్చండి. 100 సెంటీమీటర్లకు 170 కుట్లు. డిజైను ఆరు కుట్ల చొప్పున తిరిగేదైతే 168 గానీ 174 గానీ తీసుకోండి. ఒంటికి వేసుకునేదానికి నేనెప్పుడూ పెద్ద అంకే తీసుకుంటాను.

కాటన్ టాపుకు ఇంకొకటి. చదునుగా పెట్టి కొలిచాక ముక్కను తీగకు తగిలించి, కింద నాలుగు బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున నిలువు మళ్లీ కొలవండి. కాటన్ బరువుకు కిందికి దిగుతుంది. ముక్క ఎత్తులో ఎన్నో వంతు దిగిందో చూసి టాపు పొడవులో అదే వంతు తగ్గించండి.

ముక్కకు ఒక చీటీ కట్టి దారం, సూది, గేజ్ రాసి పెట్టండి. టాపు పూర్తయ్యేదాకా విప్పకండి. టాపు ఒక జానెడు అల్లాక దాని మీద కూడా 20 కుట్లు కొలవండి. అది ఇంకా ఉతకనిది కాబట్టి, శాంపిల్‌ను నీళ్లలో వేయకముందు కూడా ఒకసారి కొలిచి చీటీ మీద రాసి ఉంచుకుంటేనే రెండూ పోల్చుకోవచ్చు. రోహిణి కార్తెలో మొదలుపెట్టిన పని తొలకరి చల్లదనానికి వచ్చేసరికి నా చెయ్యి కొద్దిగా వదులవుతుంది. అప్పుడు ఆ వరస దగ్గరే విప్పి, సూది మార్చి అల్లుకొస్తాను.