శ్రీకాకుళం నుంచి హైదరాబాదుకు ఉద్యోగం మారే ముందు వేసుకోవలసిన లెక్క

శ్రీకాకుళంలో ఇప్పుడు 25,000 అందుతున్నవారికి హైదరాబాదు నుంచి 45,000 ఇస్తామన్న కబురు వస్తే, ఆ రెండు అంకెలనే పక్కపక్కన పెట్టి నిర్ణయానికి రాకూడదు. ఆ 45,000 సీటీసీ (మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) అయితే, మూలవేతనం 20,000 అనుకుని, పీఎఫ్‌లో కంపెనీ వాటా 2,400, మీ వాటా 2,400, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే సొమ్ము) కింద మూలవేతనంలో 4.81 శాతం చొప్పున 962, వృత్తి పన్ను 200 తీసేయగా చేతికి వచ్చేది 39,038. పీఎఫ్ మన సొమ్మే అయినా దానితో నెలనెలా అద్దె కట్టలేము. ఇక్కడి జీతాన్ని కూడా ఇలాగే చేతికొచ్చే మొత్తంగా రాసుకోవాలి.

తర్వాత ఖర్చులు. చాలామంది ఇక్కడ పెడుతున్న ఖర్చులే రాస్తారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనవి ఇక్కడ డబ్బు పెట్టకుండానే గడిచిపోతున్నవి. సొంతింట్లో ఉంటున్నారా, బియ్యం పొలం నుంచి వస్తున్నాయా, బడి నుంచి వచ్చిన పిల్లలను నాన్నమ్మ చూసుకుంటోందా అన్నవి ఒక్కొక్కటిగా రాసి, ఎదురుగా హైదరాబాదులో వాటికయ్యే ధర వేయాలి. నెలకు 30 కిలోల బియ్యం వండే ఇంటికి కిలో 60 రూపాయలనుకున్నా 1,800 అవుతుంది. గ్యాసు, ఫోను రీచార్జి వంటి వాటిలో తేడా స్వల్పం.

అద్దెను, రాకపోకలను విడదీసి చూడకూడదు. అద్దె తక్కువని ఉప్పల్‌లో ఇల్లు తీసుకుని గచ్చిబౌలి ఆఫీసుకు వెళ్లాలంటే, మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్లి మళ్లీ ఆటో ఎక్కాలి. అద్దెకు మెయింటెనెన్సును, ఈ ఛార్జీలను కలిపాకే ఆ ఇల్లు చవకో కాదో తెలుస్తుంది.

ఊరి ప్రయాణాలకు ఏడాది ఖర్చు కట్టి పన్నెండుతో భాగించండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుచుకుంటుంది; సంక్రాంతికి అది తప్పితే ప్రైవేటు బస్సు ఎంత అడిగితే అంత ఇవ్వవలసి వస్తుంది. రైలులో వచ్చినా శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో కాబట్టి, అక్కడి నుంచి ఊళ్లోకి అయ్యే ఛార్జీనీ కలపాలి. అమ్మానాన్నలకు పంపే డబ్బును మిగిలితే పంపే సొమ్ముగా కాక, అద్దెలాగే తప్పనిసరి ఖర్చుగా రాయండి.

హైదరాబాదు ఖర్చు మొత్తం 32,000 అనీ, ఇక్కడ నెలకు 9,000 మిగులుతోందనీ తేలితే, చేతికి 41,000 వస్తేనే ఇప్పటి స్థితి నిలుస్తుంది, 39,038 చాలదు. ఇంటి అడ్వాన్సు, సామాను లారీ కిరాయి ఒకేసారి పడే ఖర్చులు గనుక వాటిని నెల లెక్కలో కలపకుండా, ఉద్యోగానికి ఒప్పుకునే ముందే కంపెనీని విడిగా అడగండి.