ఆగిపోయిన పనికి అసలు కారణం కనుక్కోవడం ఎలా

చేయాలని మనస్ఫూర్తిగా అనుకున్న పని వారాల తరబడి అలాగే ఉండిపోతే, చాలామంది దానికి బద్ధకమని పేరు పెట్టి తమను తామే తిట్టుకుంటారు. ఆ తిట్టు వల్ల పని ఎక్కడ ఆగిందో మాత్రం తెలియదు. ప్రేరణ, ఉద్వేగాల మీద మనస్తత్వవేత్తలు చెప్పిన సిద్ధాంతాలు పరీక్షల్లో రాయడానికే కాదు, ఈ వెతుకులాటకూ పనికొస్తాయి. అందుకు ఒక కాగితం, అరగంట తీరిక చాలు.

ముందుగా శరీరాన్ని గమనించాలి. ఉద్యోగ దరఖాస్తు పూర్తి చేయాల్సిన వ్యక్తిని తీసుకుందాం. ఫారం తెరుస్తాడు, 'అనుభవం' అన్న గడి దగ్గరికి రాగానే ఊపిరి బిగుసుకుంటుంది, చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతుంది. శరీరంలో కలిగే మార్పులను మనం గ్రహించడమే ఉద్వేగమని విలియం జేమ్స్ 1884లో వాదించారు. వేర్వేరు ఉద్వేగాల్లోనూ లోపలి అవయవాల్లో మార్పులు చాలావరకు ఒకేలా ఉంటాయి కాబట్టి వాటితోనే ఏ ఉద్వేగమో తేల్చలేమని వాల్టర్ కానన్ 1927లో అభ్యంతరం చెప్పారు. మన పనికి ఈ ఇద్దరి మాటా అవసరమే. ఊపిరి బిగిసిందన్న సంగతిని ఒక వరుసలో, ఆ క్షణంలో మనసులో మెదిలిన మాటను దాని కింది వరుసలో రాయాలి.

రెండో వరుస ముఖ్యం. పరిస్థితిని మనం ఎలా అంచనా వేసుకుంటామన్న దాన్నిబట్టే ఉద్వేగం పుడుతుందని రిచర్డ్ లాజరస్ చెప్పారు. ఇందులో నాకు పోయేదేమిటి, దాన్ని తట్టుకునే శక్తి నాకుందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాస్తే, 'బద్ధకం' అనుకున్నది చాలాసార్లు తిరస్కారభయంగా బయటపడుతుంది. అలాగని ఏ ఉద్వేగానికైనా మనకు నచ్చిన పేరు పెట్టి మార్చేయవచ్చని అనుకోకూడదు.

భయం కనిపించకపోతే ప్రేరణ వైపు చూడాలి. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయన్ మనిషికి మూడు మౌలిక మానసిక అవసరాలున్నాయని చెప్పారు: తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, తోటివారితో అనుబంధం. ఇష్టం లోపించిన చోట ధైర్యవచనాలు పనిచేయవు. నమ్మకం లోపిస్తే పనిని చిన్న భాగాలుగా విడగొట్టాలి. ఒంటరితనమే అడ్డమైతే పక్కన ఒకరు కూర్చున్నా పని కదులుతుంది.

ఇక్కడే చాలామంది తమకు తామే బహుమతి ప్రకటించుకుంటారు. తొందరపడవద్దు. మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ 1973లో ప్రచురించిన అధ్యయనంలో, రంగు పెన్నులతో బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లల్లో కొందరికి బొమ్మ వేస్తే ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా ఇచ్చారు. మిగిలినవారికి ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత, ఎవరూ అడగని సమయంలో, ముందే మాట అందుకున్న పిల్లలు ఆ రంగు పెన్నులతో గడిపిన సమయం మిగతావారిలో సగమే ఉంది. కాబట్టి ఇష్టమైన పనికి వెల కట్టకూడదు. మొదటి నుంచీ విసుగు పుట్టించే పనికైతే బహుమతి పెట్టుకున్నా నష్టం లేదు, ఎందుకంటే అక్కడ పోవడానికి ఇష్టమే లేదు.

గడువును దగ్గరకు జరిపి ఒత్తిడి పెంచుకోవడం మరో అలవాటు. యెర్క్స్, డాడ్సన్ 1908లో, ఎలుకలు తప్పు చేసినప్పుడు విద్యుదాఘాతమిస్తూ నేర్పిన ప్రయోగంలో, పని కష్టమయ్యేకొద్దీ తక్కువ తీవ్రత గల విద్యుదాఘాతమే మేలైన ఫలితమిచ్చింది. ఎలుకల సంగతిని మనుషులకు యథాతథంగా అన్వయించలేం గానీ, కొత్తగా ఆలోచించాల్సిన పనికి ఆఖరి రాత్రిని కేటాయించుకోవడం మంచిది కాదు.

కారణం తేలాక, పీటర్ గోల్విట్జర్ పరిశోధించిన పద్ధతిలో 'ఇలా జరిగితే ఇలా చేస్తాను' అని ఒక్క వాక్యం రాసుకోవాలి. 'ధైర్యంగా ఉంటాను' అని రాస్తే లాభం లేదు. సందర్భమూ చర్యా రెండూ కంటికి కనిపించాలి. దరఖాస్తు రాసే వ్యక్తి వాక్యం ఇలా ఉండవచ్చు: 'అనుభవం గడి దగ్గర ఊపిరి బిగిస్తే, ఫోన్ పక్క గదిలో పెట్టి వచ్చి, చివరగా చేసిన పని పేరు ఒక్కటే రాస్తాను.'