ఎత్తు పెంచిన ఫోర్‌వీల్ బండిలో స్టీరింగ్ ఊగిపోతోందా? డ్యాంపర్ జోలికి పోకుండా పాన్‌హార్డ్ రాడ్డు బోల్టు చూడండి

స్ప్రింగులు మార్చి బండిని మూడంగుళాలు లేపారు. 33 అంగుళాల టైర్లు ఎక్కించారు. నెల తిరగకముందే స్టీరింగ్ చేతుల్లో నిలవడం లేదు. ఈ గోడు ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. విన్న ప్రతిసారీ చివరి మాట మాత్రం ఒకటే: "కొత్త స్టీరింగ్ డ్యాంపర్ కూడా వేశానండీ, అయినా తగ్గలేదు." డ్యాంపర్ అంటే స్టీరింగ్ ఊపును అణిచే చిన్న షాక్ అబ్జార్బర్. ఎందుకు తగ్గుతుంది? ఊపు పుట్టే చోటు వేరు. కొత్త డ్యాంపర్ ఆ ఊపును రెండు మూడు వారాలు కప్పిపెడుతుంది, ఈలోగా అసలు లోపం ముదురుతుంది.

ముందు వైపు కూడా రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు), కాయిల్ స్ప్రింగులు, పాన్‌హార్డ్ రాడ్డు (ఇరుసును ఛాసిస్‌కు అడ్డంగా కట్టే కడ్డీ) ఉన్న బండ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. జీప్ ర్యాంగ్లర్, సుజుకి జిమ్నీ, 80 సిరీస్ ల్యాండ్ క్రూజర్ ఈ కోవలోవే. ముందు చక్రాలు దేనికది విడిగా కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్నవారికి టైర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని ఇరుసుకు చేర్చే తిరిగే కడ్డీ) గురించి రాసినంత మేరకే పనికొస్తుంది. జాకీ ఎక్కడ వేయాలో, బండి కింద దూరేముందు స్టాండ్లు ఎలా పెట్టాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

పానా పట్టేముందు రెండు చూడండి. ఒకటి, గాలి. రాళ్లలోనో ఇసుకలోనో తిరగడానికి 15 పీఎస్ఐకి దించిన టైర్లతోనే తారురోడ్డు ఎక్కి, బండి తేలిపోతోందని వచ్చినవారు ఉన్నారు. రెండోది, రిమ్ముల లోపలి వైపు. బురదలో దిగి వచ్చాక బయటి వైపు నిగనిగలాడేలా కడుగుతారు, లోపలి గాడిలో గుప్పెడు మట్టి ఎండి గట్టిపడి ఉంటుంది. ఆ గుప్పెడు చాలు, బ్యాలెన్సింగ్ మొత్తం చెడిపోవడానికి. స్క్రూడ్రైవర్‌తో గీకితే పోయే దానికి నాలుగు టైర్లూ మార్చినవారిని చూశాను.

గతుకు తగలగానే స్టీరింగ్ విదిలించుకోవడం

లక్షణం ఇలా ఉంటుంది. 70-90 కిలోమీటర్ల వేగంలో బండి నున్నగా పోతుంటుంది. వంతెన అతుకు మీదో చిన్న గుంతలోనో ఒక చక్రం పడుతుంది. వెంటనే ముందు ఇరుసు మొత్తం కుడి ఎడమలకు కొట్టుకోవడం మొదలవుతుంది. స్టీరింగ్ చక్రాన్ని రెండు చేతులతో పట్టుకున్నా ఆగదు, వేగం బాగా తగ్గాకే సర్దుకుంటుంది. దీన్నే డెత్ వాబుల్ అంటారు. అది మొదలైనప్పుడు స్టీరింగ్‌తో కుస్తీ పట్టవద్దు, ఎదురు తిప్పవద్దు. యాక్సిలరేటర్ వదిలి, బండిని నిటారుగా ఉంచి, నిదానంగా వేగం తగ్గించండి.

మామూలు వణుకుకూ దీనికీ తేడా ముందు తేల్చుకోండి. గతుకుతో పని లేకుండా ఫలానా వేగంలో వచ్చి, ఆ వేగం దాటగానే పోయే సన్నని వణుకు అయితే అది టైర్లదీ రిమ్ములదీ. ముందు టైర్లను వెనక్కి, వెనుకవి ముందుకు మార్చండి. వణుకు స్టీరింగ్‌ను వదిలి సీటులోకి వస్తే దోషి దొరికినట్టే.

టైర్లు కాదని తేలితే అప్పుడు పరీక్ష మొదలవుతుంది. పది నిమిషాల పని. జనం దాటవేసేది కూడా సరిగ్గా దీన్నే. బండిని నాలుగు చక్రాల మీదే ఉంచండి. జాకీ మీద లేపి చక్రాన్ని ఊపి చూసి "అంతా గట్టిగానే ఉంది" అనేవారికి ఒక మాట: చక్రం మీద బరువు లేనప్పుడు అతుకుల మీద ఒత్తిడి ఉండదు, ఒత్తిడి లేనప్పుడు వదులు కనిపించదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా అడ్డు పెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను అటు జానెడు, ఇటు జానెడు ఆగకుండా తిప్పుతూ ఉండాలి. మీరు కింద పడుకుని ఒక్కో అతుకునూ చూడాలి: టై రాడ్ ఎండ్లు (రెండు ముందు చక్రాలనూ కలిపే కడ్డీ కొసలు), పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు నుంచి వచ్చే చేయి), డ్రాగ్ లింక్ (ఆ చేతి కదలికను చక్రానికి చేర్చే కడ్డీ), స్టీరింగ్ బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు, పాన్‌హార్డ్ రాడ్డు రెండు కొసలు.

ఆ చివరిదాని దగ్గర నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను.

పాన్‌హార్డ్ రాడ్డు ఇరుసును పక్కలకు జరగకుండా ఛాసిస్‌కు కట్టి ఉంచుతుంది. దాని బోల్టుకు రెండు పక్కలా ఇనుప బ్రాకెట్టు చెవులు, మధ్యలో బుష్ అనే రబ్బరు తొడుగు, ఆ బుష్ లోపల ఇనుప గొట్టం. బోల్టు అనేది రంధ్రానికి అడ్డం పడి బరువు మోసే మేకు అని చాలామంది అనుకుంటారు. దాని పని అది కాదు. నట్టు బిగించినప్పుడు రెండు చెవులూ దగ్గరకు వచ్చి లోపలి గొట్టాన్ని నొక్కిపట్టాలి, ఆ రాపిడే రాడ్డును కదలనివ్వదు. 14 మిల్లీమీటర్ల బోల్టును 170 న్యూటన్ మీటర్ల టార్కుతో (తిప్పే బలంతో) బిగిస్తే ఆ నొక్కుడు లెక్క ప్రకారం దాదాపు 60 కిలోన్యూటన్లు, అంటే ఆరు టన్నుల బరువు పెట్టి అదిమినట్టు. ఆ నొక్కుడు పోతే గొట్టం రంధ్రంలో అటూ ఇటూ కొట్టుకుంటుంది, గుండ్రని రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అప్పటినుంచి ప్రతి గతుకూ ఒక సుత్తిదెబ్బే.

నా దగ్గరకు వచ్చిన ఆ బండికి రాడ్డు కొత్తది, బుష్‌లు కొత్తవి, అలైన్‌మెంట్ సరిగ్గా ఉంది. నేనే ఛాసిస్ వైపు బోల్టుకు టార్క్ రెంచ్ (అనుకున్న బిగువు రాగానే శబ్దం చేసే పానా) పెట్టాను, ఠక్కుమని పలికింది. "ఇది గట్టిగానే ఉంది" అని ముందుకు పోయాను. తర్వాత ఒక వారం టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, చక్రాల బేరింగులు ఒకటొకటిగా తిరగేశాను. ఊపు పోలేదు. చివరికి విసుగొచ్చి ఆ బోల్టును పూర్తిగా ఊడదీస్తే నిజం బయటపడింది. కిట్‌తో వచ్చిన బోల్టుకు మరలేని నున్నటి భాగం రెండు మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుంది. నట్టు మర చివరికి చేరి ఆ నున్నటి భాగానికి తగిలి ఆగిపోయింది. రెంచ్ పలికింది ఆ తగిలినందుకే. చెవులు గొట్టాన్ని నొక్కనేలేదు. బోల్టు బిగుసుకుంది, కీలు మాత్రం వదులుగానే ఉంది! కాలిపర్ పెట్టి కొలిస్తే రంధ్రం ఒక దిశలో 14.2, దానికి అడ్డంగా 15.3.

అందుకే టార్క్ రెంచ్ పలికిందని నమ్మవద్దు. స్టీరింగ్ ఊపుతున్నప్పుడు వేలి కొసను సగం బ్రాకెట్టు మీద, సగం బుష్ లోపలి గొట్టం అంచు మీద ఉండేలా ఆనించండి. చెవులు వేలును కొరికేంత దూరం కదలవు గానీ, వేలిని మాత్రం అంచు మీదే ఉంచండి, సందులో పెట్టవద్దు. రబ్బరు కొంచెం సాగడం సహజం. దాన్ని చూసి బెదిరి మంచి రాడ్డును పారేసినవారూ ఉన్నారు. చూడవలసింది ఇనుముకూ ఇనుముకూ మధ్య కదలిక: గొట్టం, బ్రాకెట్టు ఒకదానితో ఒకటి అర మిల్లీమీటరు జరిగినా తప్పే. కంటికి అందకపోయినా వేలికి చిన్న టిక్కు తెలుస్తుంది. వాషర్ చుట్టూ ఎర్రటి తుప్పుపొడి, దాని పక్కన రంగు లేచి నెలవంకలా మెరిసే గీత ఉంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

రంధ్రం ఇంకా గుండ్రంగా ఉంటే పని తేలిక. సరైన పొడవున్న 10.9 గ్రేడు (ఎక్కువ బలమున్న ఉక్కు) బోల్టు తెండి. నున్నటి భాగం రెండు చెవుల్లోనూ ఉండాలి, కానీ నట్టు వైపు చెవి బయటి ముఖానికి ఒక పిసరు లోపలే ఆగిపోవాలి. కొంచెం ఎక్కువైతే నట్టు కింద మందపాటి గట్టి వాషర్ వేయండి. బ్రాకెట్టు లోపలి ముఖాల మీద మందంగా పౌడర్ కోటింగ్ ఉంటే గొట్టం ఆనే మేర గీకేయండి. ఆ పూత నలిగిన కొద్దీ బిగువు పోతుంది. రంధ్రం కోడిగుడ్డు అయిపోతే బోల్టు మార్చి లాభం లేదు. సరైన రంధ్రమున్న మందపాటి ఉక్కు వాషర్లను చెవులకు వెల్డింగ్ చేయించండి, లేదా బ్రాకెట్టులో తగినంత ఇనుము ఉంటే రంధ్రాన్ని పెద్దదిగా తొలిపించి, బుష్ గొట్టాన్ని కూడా అదే కొలతకు మార్చి పెద్ద బోల్టు వేయండి. వెల్డింగ్ ముందు రాడ్డు విప్పి పక్కన పెట్టాలి, లేకపోతే రబ్బరు ఉడికిపోతుంది. బ్యాటరీ తీగలు కూడా తీసేయండి.

చివరి బిగింపు బండి తన చక్రాల మీద, తన మామూలు ఎత్తులో నిలబడి ఉన్నప్పుడే. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ ఆ వేలాడే కోణంలోనే అతుక్కుంటుంది, బండి కిందకు దిగగానే మెలితిరిగి కొద్ది నెలల్లో చీలిపోతుంది. ఇరుసును ముందూ వెనుకలకు పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్ బుష్‌లకూ ఇదే సూత్రం. బిగించాక నట్టు మీద, బ్రాకెట్టు మీద కలిసేలా ఒక రంగు గీత గీయండి. 100-150 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ చూడండి, ఆ తర్వాత అడవుల్లో తిరిగి వచ్చిన ప్రతిసారీ గీత చెదిరిందేమో ఒక్క చూపు చూస్తే చాలు.

స్టీరింగ్ తేలిపోవడం, మలుపు తర్వాత తిరిగి మధ్యకు రాకపోవడం

ఇది క్యాస్టర్ కోణం తగ్గిన లక్షణం. చక్రం కుడి ఎడమలకు తిరిగే ఇరుసు గీత పైకొస వెనక్కి వాలి ఉండడమే క్యాస్టర్, స్టీరింగ్ తనంతట మధ్యకు వచ్చేది దానివల్లే. ఇరుసును పట్టి ఉంచే ఆర్ముల పొడవు మారదు కాబట్టి బండి లేచినకొద్దీ ఇరుసు ముందుకు తిరుగుతుంది, క్యాస్టర్ కరిగిపోతుంది. అలైన్‌మెంట్ యంత్రం మీద పెట్టి అంకె చూడండి. ఈ తరహా బండ్లలో చాలావాటికి 3 నుంచి 5 డిగ్రీల మధ్య ఉండాలి. ఒకటిన్నరకు పడిపోయి ఉంటే పొడవు సర్దుకునే కింది ఆర్ములు గానీ, రేడియస్ ఆర్ములున్న బండికి క్యాస్టర్ సరిచేసే బుష్‌లు గానీ వేయాలి. అయితే క్యాస్టర్ పెంచినకొద్దీ ముందు డిఫరెన్షియల్ ముక్కు (ప్రొపెల్లర్ షాఫ్ట్ తగిలించే కొస) కిందకు వంగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం పాడవుతుంది. రెండింటికీ మధ్య రాజీ పడక తప్పదు.

టో, అంటే ముందు చక్రాలు లోపలికి ఎంత చూస్తున్నాయన్నది కూడా అక్కడే చూసుకోండి. టైరు ముందు అంచుల దూరం, వెనుక అంచుల దూరం కంటే 2-3 మిల్లీమీటర్లు తక్కువ ఉంటే సాధారణంగా సరిపోతుంది.

గతుకులో బండి పక్కకు గెంతడం, ఇరుసు ఒక పక్కకు జరిగి కనిపించడం

పాన్‌హార్డ్ రాడ్డు వాలు పెరిగితే దాని అడ్డపు పొడవు తగ్గుతుంది. ఇరుసు ఛాసిస్ వైపు కొస ఉన్న పక్కకు లాగబడుతుంది. 800 మిల్లీమీటర్ల రాడ్డు కొసల మధ్య ఎత్తు తేడా 100 నుంచి 175కు పెరిగితే ఇరుసు సుమారు 13 మిల్లీమీటర్లు జరుగుతుంది. పొడవు సర్దే రాడ్డుతో మధ్యకు తెచ్చుకోవచ్చు, దాని చెక్‌నట్టు బిగించడం మరవకండి. ఇక గెంతడానికి కారణం, రాడ్డూ డ్రాగ్ లింకూ సమాంతరంగా లేకపోవడం. ఇరుసు వైపు రాడ్డు బ్రాకెట్టును ఎత్తి, డ్రాగ్ లింక్‌ను పాత చోటే వదిలేసిన బండ్లలో ఇది తప్పదు. రెండింటినీ కలిపే ఎత్తండి, లేదా రెండింటినీ వదిలేయండి.

సీటు కింద గుర్రుమనే కంపనం

వేగంతో పాటు పెరుగుతూ, యాక్సిలరేటర్ వేసినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా వినిపిస్తే అది ప్రొపెల్లర్ షాఫ్ట్. ముందుదా వెనుకదా అని తేల్చడానికి ముందు షాఫ్ట్ విప్పి కాసేపు నడపండి. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే బండి అయితే సెంటర్ డిఫరెన్షియల్ (ముందు, వెనుక ఇరుసులకు శక్తిని పంచేది) లాక్ చేయకుండా కదలదు. రెండు కొసల్లోనూ ఒక్కో క్రాస్ (యూనివర్సల్ జాయింట్) ఉన్న షాఫ్ట్‌కు ట్రాన్స్‌ఫర్ కేస్ (గేర్‌బాక్సు శక్తిని ముందు, వెనుక ఇరుసులకు పంపే పెట్టె) ఫ్లాంజ్, డిఫరెన్షియల్ ఫ్లాంజ్ సమాంతరంగా ఉండాలి. ట్రాన్స్‌ఫర్ కేస్ వైపు జంట క్రాస్ ఉన్నదైతే డిఫరెన్షియల్ ముక్కు నేరుగా షాఫ్ట్ వైపే చూడాలి, వెనుక ఇరుసుకు ఒకటి రెండు డిగ్రీలు కిందకు ఉన్నా మంచిదే. ఈ తేడా తెలియక జంట క్రాస్ షాఫ్ట్‌ను కూడా సమాంతరంగా పెట్టి, మళ్లీ మళ్లీ క్రాస్‌లు మార్చేవారు ఉన్నారు.

బండి లాగకపోవడం, స్పీడోమీటర్ తప్పు చూపడం

31 అంగుళాల టైరు తీసి 35 వేస్తే చక్రం ఒక్క చుట్టుకు దాదాపు 13 శాతం ఎక్కువ దూరం పోతుంది. మీటరు 80 అంటే మీరు 90లో ఉన్నట్టు. ఇంజిన్‌ను అనుమానించకండి. 3.73 గేరు నిష్పత్తి (చక్రం ఒక్క చుట్టుకు షాఫ్ట్ తిరిగే చుట్లు) ఉన్న ఇరుసులో పాత లాగుడు రావాలంటే 4.21 కావాలి. దొరికేవాటిలో దానికి దగ్గరివి 4.10 లేదా 4.56, బరువు మోసే బండికి నేనైతే రెండోదే వేస్తాను. ముందు ఇరుసుకు కూడా అదే నిష్పత్తి వేయాలని వేరే చెప్పనక్కర్లేదు.

మిగిలినవి

గుంతలో ఢాం అని కొడితే షాక్ అబ్జార్బర్ పూర్తిగా ముడుచుకుపోతోందేమో చూసి బంప్‌స్టాప్ (ఇరుసు ఛాసిస్‌ను కొట్టకుండా ఆపే రబ్బరు దిమ్మ) పొడిగించండి. బ్రేకు హోసు పూర్తి వేలాటలో బిగుసుకోకుండా ఉండాలి. ఛాసిస్ పగుళ్లు, వంగిన ఇరుసు హౌసింగ్ ఉంటాయి, కానీ బండి ఎక్కడైనా గట్టిగా పడితే తప్ప వాటిని వెతకనక్కర్లేదు. స్టీరింగ్ బాక్సు అరిగిపోవడం ఇంకా అరుదు. దాని మీదున్న సర్దుబాటు స్క్రూను బిగించి ఊపు తగ్గించాలని చూడకండి. ఎక్కువ బిగిస్తే స్టీరింగ్ మధ్యలో పట్టేస్తుంది, లోపలి గేరు అరుగుతుంది, ఆ తర్వాత బాక్సు మార్చక తప్పదు.