మాట్లాడేటప్పుడు కాదు, వినేటప్పుడు

ఎవరైనా పలకరిస్తే తల ఒక్కటే తిప్పకండి, భుజాలూ పాదాలూ కూడా వాళ్ల వైపు తిరగాలి. ముఖం ఇటు, పాదాలు గుమ్మం వైపు ఉంటే ఎప్పుడు వదులుతారా అని చూస్తున్నట్టే ఉంటుంది. మధ్యలో చేయి చాచినంత దూరం ఉంచండి. అవతలివాళ్లు ఒక అడుగు వెనక్కి జరిగారంటే మీరు మరీ దగ్గరికి వెళ్లారన్నమాట. మళ్లీ ముందుకు జరగకండి.

ఫోన్ బల్ల మీద బోర్లా పెడితే చాలదు, అది కదిలినప్పుడల్లా చూపు అటే పోతుంది. సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోండి.

అసలు కిటుకు జవాబు చెప్పే చోట ఉంది. వాళ్ల మాట పూర్తయ్యాక మనసులో "ఒకటి, రెండు" అనుకుని అప్పుడు నోరు తెరవండి. చాలామంది ఊపిరి తీసుకోవడానికో, సరైన మాట వెతుక్కోవడానికో ఆగుతారు. అయిపోయిందనుకుని మనం దూరితే అసలు విషయం వాళ్ల నోట్లోనే ఉండిపోతుంది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే "మీరు చెప్పండి" అని నిజంగానే ఆగాలి. అలా అని మళ్లీ మనమే అందుకోవడం అడ్డుపడటం కంటే అన్యాయం.

తల అదేపనిగా ఊపితే తొందరపెడుతున్నట్టు ఉంటుంది. చూపు 3, 4 సెకన్లు కలిపి, కాస్త పక్కకు మళ్లించి, మళ్లీ కలపండి. చేతులు కట్టుకోవడం గురించి అందరూ భయపెడతారు గానీ, ముఖంలో శ్రద్ధ కనిపిస్తే దాన్నెవరూ పట్టించుకోరు.

మీ వంతు వచ్చినప్పుడు వాక్యం చివర గొంతు పైకి లేపకండి, అనుమతి అడుగుతున్నట్టు వినిపిస్తుంది.