స్ప్లిట్ రాక్ దీపం చూడాలంటే నవంబర్ 10న వెళ్లండి
అమెరికాలో మినియాపొలిస్ వైపు ఉండే మనవాళ్లు లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సు చూడ్డానికి ఎక్కువగా ఎండాకాలంలోనే వెళ్తారు. ఆ సరస్సు ఒడ్డున కొండ మీదున్న స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్‌కి మాత్రం ఒక్కసారైనా నవంబర్ 10న వెళ్లండి. 1975లో అదే రోజు ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే సరుకు ఓడ 29 మందితో సహా ఈ సరస్సులో మునిగిపోయింది. ఏటా ఆ రోజు సాయంత్రం లైట్‌హౌస్ దగ్గర ఆ 29 మంది పేర్లు ఒక్కొక్కటే చదువుతూ గంట కొడతారు. అప్పుడు, 1969లోనే ఆపేసిన దీపాన్ని మళ్లీ వెలిగిస్తారు. చీకట్లో పది సెకన్లకోసారి ఆ వెలుగు నీళ్ల మీదుగా తిరిగొస్తుంటే నాకు గొంతు పూడుకుపోయింది.

కొండ అంచున గాలి ఎముకలు కొరికేస్తుంది. మంకీ క్యాప్, గ్లవుజులు, టార్చిలైటు మర్చిపోకండి. దారిలో టూ హార్బర్స్ అనే ఊళ్లో ఆగి, 1896 నాటి టగ్‌బోటు (పెద్ద ఓడల్ని లాగే పడవ) ఎడ్నా జి.ని వెలుతురుండగానే చూసేయండి.