సుజుకా ఎస్‌ వంపులు: లెక్క వెనకనుంచి వేశాక

జపాన్‌లోని సుజుకా కార్ రేసు ట్రాక్ పొడవు 5.807 కిలోమీటర్లు. రేసింగ్ వీడియో గేమ్‌లో ఈ ట్రాక్ మీద నా ల్యాప్ (ఒక చుట్టు) టైమంతా మొదటి సెక్టార్‌లోనే, అంటే ట్రాక్ మొదటి భాగంలోనే, కరిగిపోయేది. రెండో మలుపు దాటగానే ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటూ ఎస్‌ వంపులు, పైగా ఎగువకు ఎక్కే దారి. ఆఖర్న డన్‌లప్ అనే పొడవాటి ఎడమ మలుపు.

ముందు, కారు ఏ దారిన పోవాలో తెరమీద రంగుల గీతతో చూపించే ఆప్షన్ ఆపేశాను. అదుంటే కళ్లు దానికే అతుక్కుపోతాయి, రాబోయే వంపు పట్టదు. తర్వాత లెక్క వెనకనుంచి వేశాను. డన్‌లప్‌లోకి వెళ్లేటప్పుడు కారు కుడి అంచున ఉండాలి. అంటే అంతకు ముందున్న కుడి వంపులో లోపలి అంచును ఆలస్యంగా తాకాలి, కారును బయటికి జారనివ్వకూడదు. అందుకోసం మొదటి వంపుల్లో కొంత వేగం వదులుకోవాల్సిందే. ఇప్పుడు మొదటిదాంట్లో యాక్సిలరేటర్ సగం వదిలి, ట్రాక్ అంచున ఉండే ఎరుపు తెలుపు గట్టు (కెర్బ్) దాటాకే మెల్లగా నొక్కుతున్నాను. బ్రేక్ జోలికి పోను. నేను ఆడేది కంట్రోలర్‌తో, అక్కడ కాస్త ఎక్కువ నొక్కితే చాలు, బండి గిర్రున తిరుగుతుంది.

నా పాత బెస్ట్ ల్యాప్‌ను నీడలా మళ్లీ నడిపి చూపించే ఘోస్ట్ కారును ఆన్ చేసి చూశాను. మొదటి రెండు వంపుల్లో అది నన్ను దాటేస్తుంది. డన్‌లప్ ఎక్కేసరికి నేనే ముందు. దాని తర్వాత వచ్చే డెగ్నర్ అనే కుడి మలుపుల దగ్గర మాత్రం ఇంకా కంకర్లోకే పోతున్నాను.